ఏలూరు సైనైడ్ కేసు: సినిమా సైకోలా గుర్తులు వదల్లేదు.. మరి ఎలా దొరికాడు?

సైకో థ్రిల్లర్ సినిమా అంటే ఒక లెక్క ఉంటుంది. హంతకుడు చంపిన ప్రతిచోటా ఏదో ఒక గుర్తు వదులుతాడు. పోలీసు ఆ గుర్తు పట్టుకుని వేటాడతాడు. 2019 ఆగస్టు 2న వచ్చిన 'రాక్షసుడు' అలాంటిదే. సైకో కిల్లర్ మీద సినిమా తీయాలని కలలు కన్న కుర్రాడు ఎస్సై అవుతాడు. పాడుచేసిన బొమ్మను వదిలి వెళ్లే హంతకుడి వెంట పడతాడు. ఆ తర్వాత వచ్చిన 'వి', 'హిట్ 2' కూడా సీరియల్ కిల్లర్, పోలీస్ కథలే.

అయితే 'రాక్షసుడు' థియేటర్లలో ఆడుతున్న రోజుల్లోనే మన దగ్గర ఒక నిజమైన కథ నడుస్తోంది. విజయవాడకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలోని ఏలూరు కేంద్రంగా! అప్పటికి ఆ సంగతి ఎవరికీ తెలీదు.

అసలేం జరిగింది?

2019 నవంబర్‌లో ఏలూరు పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబర్ వరకు, అంటే 20 నెలల్లో 10 మందిని చంపాడన్నది అతనిపై ఆరోపణ. కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల వాళ్లు బాధితులు. అందులో అతని సొంత బంధువులూ ఉన్నారని పోలీసులు చెప్పారు.

కత్తి లేదు, తుపాకీ లేదు. గుప్త నిధులు, రైస్ పుల్లింగ్ కాయిన్, డబ్బు రెట్టింపు.. ఇలా ఆశ పెట్టడం, నగదు, బంగారం తెమ్మనడం, చివర్లో ప్రసాదం పెట్టడం. అందులో సైనైడ్! ప్రసాదం అంటే కళ్లకద్దుకుని తింటాం కానీ కాదనం కదా.. సరిగ్గా ఆ నమ్మకాన్నే వాడుకున్నాడన్నది పోలీసుల మాట. సైనైడ్ ఇచ్చాడంటూ విజయవాడకు చెందిన మరొకరినీ అరెస్టు చేశారు.

ఇన్నాళ్లు ఎందుకు బయటపడలేదు?

సైనైడ్ ఒంట్లోకి వెళ్తే రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. నిమిషాల్లోనే మనిషి కుప్పకూలిపోతాడు. ఒంటి మీద గాయం ఉండదు. చూసేవాళ్లకు గుండెపోటు అనిపిస్తుంది. అందుకే చాలా కుటుంబాలు సహజ మరణమే అనుకుని అంత్యక్రియలు చేసేశాయి. పోస్టుమార్టం లేదు, ఫిర్యాదు లేదు. ఇక కేసు ఎక్కడిది?

సినిమా సైకో తన పని అందరికీ తెలియాలనుకుంటాడు. ఇక్కడ మాత్రం అసలు హత్య జరిగిందనే ఎవరికీ తెలియకూడదు. తేడా అదే.

పట్టించింది ఎవరు?

2019 అక్టోబర్ 16న ఏలూరులో ఒక పీఈటీ టీచర్ చనిపోయారు. ఇంటి నుంచి తీసుకెళ్లిన బంగారం, నగదు కనిపించలేదు. కుటుంబ సభ్యులకు అనుమానం వచ్చి పోలీసుల దగ్గరకు వెళ్లారు. ఆ ఒక్క ఫిర్యాదుతో తీగ లాగితే డొంకంతా కదిలింది. మామూలు మరణాలనుకున్నవన్నీ ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి.

సరిగ్గా నెల ముందే కేరళలోని కూడత్తాయి కేసు దేశాన్ని కుదిపేసింది. అక్కడా ఒకే కుటుంబ బంధువర్గంలో 2002 నుంచి 2016 మధ్య ఆరుగురు చనిపోయారు. అక్కడా ఇంట్లోవాళ్ల అనుమానమే కేసును మళ్లీ తెరిపించింది.

మనం గుర్తుంచుకోవాల్సింది ఇదే

ఆరోగ్యంగా ఉన్న మనిషి హఠాత్తుగా చనిపోయి, ఒంటి మీద నగలో, చేతిలో డబ్బో మాయమైతే అంత్యక్రియలకు తొందరపడొద్దు. అనుమానాస్పద మృతిగా పోలీసులకు ఫిర్యాదు చేయండి. గతంలో సీఆర్‌పీసీ 174, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద విచారణ జరుగుతుంది. పోస్టుమార్టంలో విసెరా తీసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపిస్తే విషం సంగతి తేలుతుంది.

దుఃఖంలో ఉన్న ఇంటికి పోస్టుమార్టం మాట కష్టంగానే ఉంటుంది. కానీ ఏలూరులో ఆ అనుమానం ఏ మొదటి మరణం దగ్గరో వచ్చి ఉంటే, మిగతావాళ్లలో ఎందరు బతికుండేవారో!