అంగడి బరువంతా మోసే పెద్ద సంచి

అంగడికి బయల్దేరేటప్పుడు తాళంచెవి మరిచిపోం, డబ్బులు మరిచిపోం. మరిచిపోయేది సంచి ఒక్కటే! రెంజల్‌లో బస్సెక్కి బోధన్‌లో దిగి, కూరగాయలు తూకం వేయించాక గానీ గుర్తుకు రాదు. ఒకవేళ గుర్తుంచుకుని తీసుకెళ్లినా, అది బరువు ఆపకపోతే ఇంకేం లాభం?

నేను మొదటిసారి కుట్టిన సంచి చాలా ముద్దుగా ఉండేది. అంచుకు లేసు, ముందు పువ్వు. రెండు కిలోల ఉల్లిగడ్డలు, రెండు కిలోల ఆలుగడ్డలు, పైన నూనె ప్యాకెట్లు సర్దుకుని బస్సెక్కబోతే ఒక పట్టీ ఊడి చేతికొచ్చింది. ఉల్లిగడ్డలు బస్టాండంతా దొర్లాయి. వెంట వచ్చిన పక్కింటావిడ ఏరిపెడుతూ, "ఏం వదినె, సంచి మొయ్యనీకి కుట్టినవా, గోడకు తగిలియ్యనీకి కుట్టినవా?" అంది.

ఇంటికొచ్చి చూస్తే సంచి బాగానే ఉంది. పట్టీలను పై అంచుకు కుట్టిన చోట మాత్రం పోగులు విడిపోయాయి. బరువంతా ఆ నాలుగు చోట్లే పడుతుంది మరి! మన పెద్దవాళ్ల ఉట్టిని గుర్తుచేసుకోండి. అది కుండను అంచు దగ్గర పట్టుకోదు, అడుగు కింద నుంచి మోస్తుంది. సంచికీ అంతే. పట్టీని అడుగు కింద నుంచి తిప్పి కుడితే సంచి ఏళ్ల తరబడి ఆగుతుంది.

ఆగడం ఎందుకు ముఖ్యమంటే, 120 మైక్రాన్లకన్నా పల్చటి ప్లాస్టిక్ చేతిసంచులు మన దేశంలో 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. కనుక గుడ్డసంచి తప్పదు. అయితే పత్తి పండించి గుడ్డ నేయడానికీ బోలెడు నీరు, కరెంటు ఖర్చవుతాయి. ఒక్కసారి వాడి పారేసే పల్చటి కవరుతో పోలిస్తే, వాతావరణానికి చేసే హాని సమానం కావాలంటే నూలు సంచిని కనీసం 131 సార్లు వాడాలని 2011లో బ్రిటన్ పర్యావరణ సంస్థ లెక్కగట్టింది. వారానికి రెండుసార్లు అంగడికి వెళ్లినా ఏడాదింపావు పడుతుంది. అందుకే కొత్త గుడ్డ కొనకండి. ఇంట్లో ఉన్న పాతదాన్నే వాడండి.

కావలసినవి

ఏడడుగుల మందపాటి పాత వాకిలి పరదా – 1 (కొత్త గుడ్డే అయితే 44 అంగుళాల పన్నాలో 2 గజాలు)
లైనింగ్‌కు పాత నూలు చీర
పాలిస్టర్ దారం
మిషన్‌కు 16వ నంబరు సూది
టేపు, చాక్‌పీసు, కత్తెర

పరదాను ముందు వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఎండ తగిలి పల్చబడిన భాగం ఉంటే దాన్ని వదిలేయండి. గుడ్డ కొత్తదైతే ఒకసారి ఉతికి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. లేకపోతే కుట్టాక కుంచించుకుపోతుంది.

కత్తిరించడం

సంచికి: 41 అంగుళాల పొడవు, 25 అంగుళాల వెడల్పు ముక్క ఒకటి.
పట్టీలకు: 63 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ముక్కలు రెండు.
లైనింగ్‌కు: 38 అంగుళాల పొడవు, 25 అంగుళాల వెడల్పు ముక్క ఒకటి.

కుట్టే విధానం

1. పట్టీ ముక్కలు రెండింటినీ రెండు కొసల దగ్గరా అర అంగుళం వదిలి కలిపి కుట్టండి. పెద్ద గాజులా ఒకే చుట్టు అవుతుంది. దీన్ని నాలుగు మడతలు వేసి ఇస్త్రీ చేస్తే ఒకటిన్నర అంగుళం పట్టీ వస్తుంది. రెండంచులూ కుట్టేయండి.

2. సంచి ముక్కను మంచి వైపు పైకి ఉండేలా పరిచి, పొడవులో సగం దగ్గర గీత గీయండి. అదే అడుగు. పక్క అంచు నుంచి 7 అంగుళాలు వదిలి ఒక పట్టీ వరస, రెండో అంచు నుంచి కూడా 7 అంగుళాలు వదిలి ఇంకో వరస అమర్చండి. రెండింటి మధ్య 8 అంగుళాలు మిగులుతుంది. పట్టీ అతుకులు రెండూ అడుగు గీత మీదికే రావాలి. పైన రెండు వైపులా 24 అంగుళాల పిడి మిగులుతుంది.

3. పట్టీని గుడ్డకు రెండంచులా కుట్టండి. పై అంచుకు 3 అంగుళాల కిందే ఆపేయండి. మర్చిపోతే తర్వాత అంచు మడవడం కుదరదు.

4. మంచి వైపులు లోపలికి ఉండేలా అడుగు గీత దగ్గర మడిచి, పక్కలు అర అంగుళం లోపలికి రెండుసార్లు కుట్టండి.

5. పక్క కుట్టు అడుగు గీత మీద పడేలా మూలను చదును చేయండి. మొన నుంచి 3 అంగుళాల దగ్గర అడ్డంగా కుడితే 6 అంగుళాల అడుగు ఏర్పడుతుంది. రెండో మూలా అంతే. లైనింగ్‌కూ ఇలాగే చేయండి, పక్క కుట్టు మాత్రం కాస్త ఎక్కువ లోపలికి వేయండి.

6. సంచిని మంచి వైపుకు తిప్పి, లైనింగ్‌ను తిప్పకుండా లోపల దించండి. సంచి పై అంచును అర అంగుళం, మళ్లీ ఒక అంగుళం లోపలికి మడిచి, లైనింగ్ అంచు అందులో దాగేలా కుట్టండి.

7. ఆపిన పట్టీని ఇప్పుడు పై అంచుదాకా కుట్టి, అంచు దగ్గర నాలుగు చోట్లా చతురస్రం, దాని మధ్య అడ్డ గీతలు రెండు కుట్టండి. ఇక్కడ మడతలు ఎక్కువ. మోటారు నడపకుండా చక్రాన్ని చేత్తో తిప్పుతూ నెమ్మదిగా కుట్టండి. సూది విరగదు. మిషన్ లాగలేకపోతే రెండు పోగుల దారంతో చేత్తో వెనక కుట్టు వేయండి.

చిట్కాలు

మిగిలిన ముక్కతో లోపల ఒక జేబు పెట్టుకోండి. చిల్లర, బస్సు టిక్కెట్టు వెతుక్కునే పని ఉండదు.

తడి బట్టలు పెట్టుకోవాలంటే లైనింగ్‌కు పాత గొడుగు గుడ్డ అతికి వాడండి.

కొత్త సంచిని అంగడికి తీసుకెళ్లే ముందు ఇంట్లోనే బియ్యం నింపి, పిడి పట్టుకుని పది అడుగులు నడిచి చూడండి. పోగు విడిచే చోటు ఇంట్లోనే బయటపడడం మేలు!

మన రెంజల్ మండలంలోని కందకుర్తి దగ్గర మంజీర, హరిద్ర గోదావరిలో కలుస్తాయి. స్నానానికి వెళ్లేవాళ్లకు పొడి చీరలు, టిఫిను డబ్బా, తిరుగు ప్రయాణంలో తడి బట్టలు, ఇవన్నీ ఒక్క సంచిలో పట్టాలి. 2015లో వచ్చిన గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తాయి. ఒడ్డున ఒక్క కవరు కూడా వదలకుండా ఇంటికి తెచ్చేందుకు ఇలాంటి సంచి ఒకటి చాలు. దాన్ని తలుపు వెనక కొక్కేనికి, తాళంచెవి పక్కనే తగిలించండి. అప్పుడిక మర్చిపోరు!