కాలేజీ అక్కడ, చట్టం మీరున్న చోట

డాలస్‌లో ఇంటి నుంచే అరిజోనా కాలేజీ వారి టీచర్ కోర్సు చదివేవాళ్లు ఇవాళ ఎందరో. కాలేజీకి అరిజోనాలో అన్ని అనుమతులూ ఉన్నప్పుడు మధ్యలో టెక్సాస్‌కు ఏం పని అనిపిస్తుంది. పని ఉంది. అమెరికాలో ఉన్నత విద్యకు అనుమతులిచ్చేది రాష్ట్రాలే. తమ గడ్డ మీద ఉన్నవాళ్లకు బయటి కాలేజీ పాఠం చెబితే అది తమ పరిధిలోకే వస్తుందని చాలా రాష్ట్రాల వాదన.

ఫెడరల్ విద్యాశాఖ 2010లో దీనికి డబ్బు ముడి వేసింది. విద్యార్థి ఉన్న రాష్ట్రం షరతులు పాటించకపోతే ఆ కాలేజీకి ఫెడరల్ ఆర్థిక సహాయం అందదంది. ప్రజాభిప్రాయం సరిగా తీసుకోలేదంటూ 2011లో కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అయినా రాష్ట్రాల చట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. రాష్ట్రానికో దరఖాస్తు పెట్టి, రాష్ట్రానికో రుసుము కట్టలేక చిన్న కాలేజీలు సతమతమయ్యాయి.

అందుకు విరుగుడుగా వచ్చిందే ఎస్‌ఏఆర్‌ఏ అనే పరస్పర ఒప్పందం. దాని జాతీయ మండలి 2013లో ఏర్పడింది. లారీకి నేషనల్ పర్మిట్ లాంటిదిది: సొంత రాష్ట్రం ఆమోదిస్తే మిగతా సభ్య రాష్ట్రాల్లో విడిగా అనుమతి అక్కర్లేదు. 49 రాష్ట్రాలు చేరాయి, కాలిఫోర్నియా ఒక్కటే చేరలేదు. కాలేజీలకు ఇది పెద్ద ఊరటే. విద్యార్థి వైపు నుంచి చూస్తే అంత హాయి కాదు. ఫిర్యాదు ముందు కాలేజీకి, అక్కడ తేలకపోతే కాలేజీ సొంత రాష్ట్రానికి వెళ్లాలి. మోసాలను అరికట్టే మామూలు చట్టాలు మీ రాష్ట్రం చేతిలోనే ఉంటాయి గానీ, బయటి కాలేజీల మీద ప్రయోగించే ప్రత్యేక విద్యా నిబంధనలను అది చాలావరకు వదులుకున్నట్టే.

కాలిఫోర్నియా కథ వేరు. కోర్టు కొట్టేసిన ఆ నిబంధనను ఫెడరల్ విద్యాశాఖ 2016లో మళ్లీ రాసింది, తర్వాత అమలు వాయిదా వేసింది. ఆ వాయిదా చెల్లదని 2019లో కోర్టు తేల్చింది. దాంతో చిక్కొకటి బయటపడింది: విద్యార్థి ఉన్న రాష్ట్రంలో ఫిర్యాదుకు దారి ఉండాలని నిబంధన అంటుంటే, బయటి ప్రభుత్వ, లాభాపేక్ష లేని కాలేజీలపై ఫిర్యాదు చేయడానికి కాలిఫోర్నియాలో దారే లేదు! అక్కడి ఆన్‌లైన్ విద్యార్థుల ఫెడరల్ సహాయం ఆగిపోతుందేమోనని ఆ వేసవిలో గగ్గోలు పుట్టింది. కొద్ది వారాల్లోనే రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఫిర్యాదుల ఏర్పాటు చేసి గండం గట్టెక్కించింది. లాభం కోసం నడిచే బయటి ప్రైవేటు కాలేజీలైతే ఇప్పటికీ అక్కడ విడిగా రిజిస్టర్ చేసుకోవాల్సిందే.

హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లు, ‘ఫెడరల్ సాయం మాకెలాగూ రాదు, ఈ గొడవ మాకెందుకు’ అనుకోవచ్చు. అసలు చిక్కు లైసెన్స్ దగ్గరుంది. కోర్సు చెప్పడానికి కాలేజీకున్న అనుమతి ఒకటి, ఆ చదువుతో నర్సుగానో టీచరుగానో కౌన్సెలర్‌గానో పనిచేయడానికి మీకు కావలసిన లైసెన్స్ ఇంకొకటి. ఎస్‌ఏఆర్‌ఏ రెండోదాని జోలికి పోదు. టెక్సాస్ లైసెన్స్ బోర్డు ఒప్పుకున్న క్లినికల్ గంటలు ఇంకో రాష్ట్రం బోర్డుకు సరిపోకపోవచ్చు. 2024 జులై 1 నుంచి నిబంధన కాస్త బిగిసింది. ఫెడరల్ సాయం పొందే కాలేజీ, లైసెన్స్ తప్పనిసరైన వృత్తుల కోర్సుల్లో చేర్చుకునేటప్పుడు, విద్యార్థి ఉన్న రాష్ట్రంలో లైసెన్స్‌కు ఆ చదువు చాలుతుందో లేదో చూసుకోవాలి. వేరే రాష్ట్రంలో పనిచేస్తానని విద్యార్థి రాసిస్తే ఆ రాష్ట్రం లెక్కలోకి వస్తుంది.

కానీ ఇది చేరేనాటి లెక్క. ఐటీ ఇళ్లలో బదిలీలు ఎంత మామూలో తెలిసిందే. కోర్సు సగంలో ఉండగా డాలస్ నుంచి శాన్ హోసేకు కాపురం మారితే చిరునామా మార్పు కాలేజీకి వెంటనే తెలియజేయాలి. అక్కడ కోర్సు కొనసాగుతుందా, లైసెన్స్‌కు పనికొస్తుందా అని కాలేజీని ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో చెప్పిన మాట రేపు సాక్ష్యానికి నిలవదు. కాలిఫోర్నియా లైసెన్స్ బోర్డునూ నేరుగా అడగండి, ఎందుకంటే ఆఖరి మాట దానిదే. కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఉండి చదువుదామనుకుంటే, ఎస్‌ఏఆర్‌ఏ అమెరికా దాటి రాదు కాబట్టి, విమానం టికెట్ కొనేముందే ఆ సంగతీ కాలేజీతో తేల్చుకోవాలి.