హీరో కంటే ముందు షర్ట్ మాట్లాడుతుంది!

ముందుగా ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో ఏదైనా సినిమా పెట్టి, సౌండ్ ఆపేసి రెండు నిమిషాలు చూడండి. ఎవరు డబ్బున్నవాళ్లో, ఎవరు ఊరి నుంచి కొత్తగా దిగారో ఒక్క డైలాగ్ లేకుండానే తెలిసిపోతుంది కదా? అదంతా బట్టలు చెప్పిన కథే. కాస్ట్యూమ్ డిజైన్ అంటే హీరోని అందంగా చూపించడం ఒక్కటే కాదండి.

1982లో వచ్చిన 'గాంధీ' సినిమానే తీసుకోండి. మొదట్లో ఆ కుర్ర లాయర్ సూటు వేసుకుని దక్షిణాఫ్రికాలో ఫస్ట్ క్లాస్ పెట్టెలో కూర్చుంటాడు. అంత సూటు వేసుకున్నా రైల్లోంచి దించేస్తారు. కథ నడిచేకొద్దీ సూటు పోయి ముతక ఖద్దరు వస్తుంది. చివరికి మిగిలేది కొల్లాయి గుడ్డ. ఆయన ఎవరి వైపు నిలబడ్డారో ఆ గుడ్డే చెబుతుంది. ఈ సినిమాకి జాన్ మొల్లోతో కలిసి భాను అథయ్య ఆస్కార్ అందుకున్నారు. ఆస్కార్ గెలిచిన తొలి ఇండియన్ ఆవిడే!

మరి ఈ పని ఎలా జరుగుతుంది? డిజైనర్ ముందు స్క్రిప్ట్ చదివి, ఏ సీన్‌లో ఎవరు ఏం వేసుకోవాలో లిస్ట్ రాసుకుంటారు. ఫైట్ ఉందంటే ఒకే షర్ట్ నాలుగైదు కుట్టించాలి, ఎందుకంటే టేక్ టేక్‌కీ చిరుగుతుంది, తడుస్తుంది. పేదవాడి చొక్కా కొత్తగా మెరిస్తే ఎవరూ నమ్మరు. అందుకే దాన్ని మళ్లీ మళ్లీ ఉతికి, శాండ్‌పేపర్‌తో రుద్ది, టీ డికాషన్‌లో ముంచి పాతబరుస్తారు.

ఇక మన 'మహానటి' సంగతి చూద్దాం. సావిత్రి గారి పాత సినిమాల్లో చాలావరకు బ్లాక్ అండ్ వైట్. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిద రంగులా కనిపించొచ్చు. అంటే ఆ చీర అసలు రంగేంటో ప్రింట్ చూసి చెప్పలేం! అలాంటి కాలాన్ని కలర్‌లో మళ్లీ నమ్మించాలంటే ఎంత కష్టమో ఆలోచించండి. ఆ పనికి ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావులకి నేషనల్ అవార్డు వచ్చింది.

మంచి కాస్ట్యూమ్‌ని మనం అసలు గమనించం, పాత్రనే నమ్మేస్తాం. అందుకే ఈ పని చేసేవాళ్లకి చప్పట్లు తక్కువ. ఈసారి సినిమా అయిపోగానే స్కిప్ కొట్టకండి. టైటిల్స్‌లో వాళ్ల పేరు ఒక్కసారి చదవండి. ఉంటాను మరి!