ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు

సెమిస్టర్‌కి ఒక్కసారైనా మన గ్రూపుల్లో ఈ మెసేజ్ పడుతుంది: "అన్నా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు." ఏం చేశావురా అని అడిగితే "ఏం చేయలేదన్నా" అంటారు. ఇంకోసారి గట్టిగా అడిగితే "నిన్న రాత్రి బయోస్‌లో కొంచెం పెంచా" అని బయటికొస్తుంది. ఓవర్‌క్లాక్ చేయడం మంచిదా కాదా అన్న వాదన ఇక్కడ పెట్టుకోను. చేసేశారు, సిస్టం లేవట్లేదు, ఇప్పుడేం చేయాలి? దాని గురించే ఈ వ్యాసం.

భవానీపురంలో ముగ్గురు కలిసి రూమ్ తీసుకుని ఉంటున్న మా జూనియర్లలో ఒకడికి మొన్న ఇదే జరిగింది. వరి కోశాక రెండో పంటగా వేసిన మినుము అమ్మి వాళ్ల నాన్నగారు కొనిచ్చిన సిస్టం అది. 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 రామ్‌ని 3800కి పెట్టాడు, ప్రాసెసర్ మల్టిప్లయర్ రెండు మెట్లు పెంచాడు, సేవ్ కొట్టాడు. అంతే, తెర నల్లగా అయిపోయింది. పొద్దున్నే ఆటోలో పెట్టుకుని ఒక రిపేర్ షాపుకి తీసుకెళ్తే, ఒకసారి స్విచ్ వేసి చూసి "మదర్‌బోర్డు పోయింది, కొత్తది వేయాలి" అన్నారట. మినీ ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది. సబ్మిషన్‌కి మూడు రోజులే టైం.

ఆ బోర్డు పోలేదు. ఒక స్క్రూడ్రైవర్‌తో, పైసా ఖర్చు లేకుండా లేచింది. అసలు భయం లేచిన తర్వాతే మొదలైంది, అది కింద చెప్తాను.

మన దగ్గర డబ్బా మొత్తాన్ని సీపీయూ అనేస్తాం కాబట్టి ఒక మాట. ఈ వ్యాసంలో లోపలి చిప్‌ని ప్రాసెసర్ అనీ, డబ్బాని క్యాబినెట్ అనీ అంటున్నాను.

ఓవర్‌క్లాక్ ఎందుకు విఫలమవుతుందో తెలిస్తే రిపేరు సగం అయిపోయినట్టే. కోలాటం చూసే ఉంటారు. దరువు నెమ్మదిగా ఉన్నంతసేపూ ప్రతి కర్రా ఎదుటి కర్రని టైంకి తాకుతుంది. దరువు పెంచుతూ పోండి. ఎక్కడో ఒకచోట ఎవరిదో చెయ్యి కాస్త వెనకబడుతుంది, కర్ర గాల్లో ఊగుతుంది, అక్కణ్ణుంచి వలయం మొత్తం చెదిరిపోతుంది. ప్రాసెసర్లో దరువు వేసేది క్లాక్. 5 గిగాహెర్ట్జ్ అంటే ఒక్కో దరువుకి 0.2 నానోసెకన్లు. అంత టైంలో వెలుగు కూడా 6 సెంటీమీటర్లే పోగలదు. ఆ లోపల ఒక ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి బయల్దేరిన సిగ్నల్ గేట్లన్నీ దాటి, తర్వాతి ఫ్లిప్‌ఫ్లాప్ దగ్గర నిలకడగా కుదురుకోవాలి. డిజిటల్ పేపర్లో సెటప్ టైం అని రెండు మార్కులకి రాస్తామే, ఇక్కడ తప్పేది అదే. కుదురుకోకముందే దరువు పడితే ఒకటి సున్నాగానో, సున్నా ఒకటిగానో నమోదవుతుంది. చిప్ కాలలేదు, లెక్క తప్పింది.

కాల్చేది వోల్టేజీ. చిప్ వాడుకునే పవర్ ఫ్రీక్వెన్సీతో మామూలుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గంగా పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ 10 శాతం పెంచితే పవర్ 10 శాతం పెరుగుతుంది. దాంతోపాటు 1.2 వోల్టులని 1.4 చేస్తే, అది ఒక్కటే 36 శాతం కలుపుతుంది. రెండూ కలిస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్లతో సహా కాలిపోయినప్పుడు, ఏఎండీ చేసిన పని బయోస్ అప్‌డేట్ ద్వారా ఎస్‌ఓసీ వోల్టేజీని 1.3 దాటకుండా కట్టేయడం. అందుకే ఎవరైనా సిస్టం తెచ్చి ముందు పెడితే నేను అడిగే మొదటి ప్రశ్న "వోల్టేజీ ముట్టుకున్నావా?" అని. లేదంటే సగం టెన్షన్ పోయినట్టే.

రెండో ప్రశ్న, ఎక్కడ ఆగింది? లాగిన్ తెర దాకా వచ్చి, ఆ తర్వాత నల్లబడితే అనుమానం గ్రాఫిక్స్ కార్డు మీద. ఆఫ్టర్‌బర్నర్ లాంటి సాఫ్ట్‌వేర్ తన సెట్టింగుల్ని విండోస్ వచ్చాకే పెడుతుంది కాబట్టి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి దాన్ని తీసేస్తే సరిపోతుంది, క్యాబినెట్ విప్పక్కర్లేదు. బ్రాండ్ బొమ్మ కూడా రాకపోతే బోర్డు మీద చూడాలి. ఈమధ్య వచ్చే చాలా బోర్డుల అంచున నాలుగు చిన్న లైట్లు ఉంటాయి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. వెలిగి ఆగిపోయిన లైటే పని ఎక్కడ ఆగిందో చెబుతుంది. మా జూనియర్ బోర్డులో డీర్యామ్ లైటు వెలుగుతూనే ఉంది. షాపులో ఆ లైటు వైపు ఎవరూ చూసినట్టు లేదు.

ఇంకో గుర్తు ఉంది. సిస్టం ఆన్ అవుతుంది, కొన్ని సెకన్లకి దానంతటదే ఆగుతుంది, మళ్లీ ఆన్ అవుతుంది. ఇది చూసి అందరూ హడలిపోయి ప్లగ్ పీకేస్తారు. పీకొద్దు. బోర్డు రామ్‌తో వేగం కుదుర్చుకోడానికి ప్రయత్నిస్తోంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్నిసార్లు ఓడిపోయాక చాలా బోర్డులు తమంతట తామే సేఫ్ సెట్టింగులకి వచ్చేస్తాయి. డీడీఆర్5 సిస్టం అయితే తెర మీద ఏమీ లేకుండా కొన్ని నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. స్విచ్ వేసి, టీ తాగి రండి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి మొదలు.

పావుగంట ఆగినా రాకపోతే అప్పుడు సీమాస్ క్లియర్ చేయాలి. ఈ పేరు వెనక చిన్న కథ ఉంది. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో గడియారం కోసం మోటరోలా చిప్ ఒకటి పెట్టారు. అందులో 64 బైట్ల మెమరీ. 14 బైట్లు గడియారానికి పోగా, మిగిలిన 50లో సిస్టం సెట్టింగులు. కరెంటు లేనప్పుడు కూడా అవి గుర్తుండాలని బ్యాటరీ తగిలించారు. ఇప్పటి బోర్డుల్లో సెట్టింగులు ఎక్కువగా ఫ్లాష్ చిప్‌లోకి వెళ్లిపోయాయి కానీ, ఆ గుండ్రటి సెల్లూ ఆ పేరూ మిగిలాయి. మీరు పెట్టిన 3800 అనే సంఖ్య బోర్డుకి గుర్తుండిపోయింది. స్విచ్ వేసిన ప్రతిసారీ నమ్మకంగా అదే సంఖ్యతో మొదలుపెట్టి అక్కడే బోల్తా పడుతోంది. దాన్ని మరిపించాలి, అంతే.

ముందు ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, ప్లగ్ గోడ నుంచి తీసేయండి. తర్వాత పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకోండి, కెపాసిటర్లలో మిగిలిన ఛార్జ్ దిగిపోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి ఒంట్లో స్టాటిక్ వదిలించుకోండి. బోర్డు మీద సీఎల్‌ఆర్ సీమాస్ అనో, జేబ్యాట్1 అనో, సీఎల్‌ఆర్‌టీసీ అనో రాసి రెండు పిన్నులు ఉంటాయి. కంపెనీని బట్టి పేరు మారుతుంది, మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండింటినీ పది సెకన్లు కలిపి ఉంచండి. పక్క పిన్నులు కావు, అవే. పిన్నులు దొరక్కపోతే సీఆర్2032 సెల్ ఊడదీసి ఐదు పది నిమిషాలు ఆగండి. అది సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు కిందే ఉంటుంది, కార్డు తీయక తప్పదు. ఎవరు డిజైన్ చేశారో గానీ, వాళ్లు జీవితంలో ఒక్కసారి కూడా సెల్ మార్చి ఉండరు.

అప్పటికీ రాకపోతే రామ్ స్టిక్కులన్నీ తీసి ఒక్కదాన్నే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువగా అదే సరైన చోటు. మనవాళ్లు రామ్ కాంటాక్టుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మూఢనమ్మకమేమీ కాదు, పట్టిన పొర పోతుంది. కాకపోతే రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకూడదు. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే ఉందా అని కూడా చూడండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు పోర్టులో పెట్టిన కేబుల్‌కి డిస్‌ప్లే జన్మలో రాదు. ఇవన్నీ అయ్యాక చివరి అస్త్రం బయోస్ ఫ్లాష్‌బ్యాక్. ఆ సౌకర్యం ఉన్న బోర్డు అయితే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మళ్లీ రాయొచ్చు. కానీ యూపీఎస్ లేకుండా, గాలివాన వచ్చేలా ఉన్న సాయంత్రం ఆ పని పెట్టుకోవద్దు. సగంలో కరెంటు పోతే లేని సమస్య తెచ్చుకున్నట్టే. ల్యాప్‌టాప్ వాళ్లకి వీటిలో చాలా వర్తించవు. ఛార్జర్ పీకి, పవర్ బటన్ ఒక నిమిషం నొక్కి పట్టుకోవడం వరకూ మీ పని, ఆపైన సర్వీస్ సెంటర్.

ఇప్పుడు మా వాడి అసలు భయం. పిన్నులు కలిపి, మూడు నిమిషాలు ఆగితే బొమ్మ వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. వెంటనే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగింది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినవాళ్లలో చాలామందికి, వాళ్లకి తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. బయోస్ సెట్టింగులు మారితే "నువ్వు నువ్వేనా" అని అది అడుగుతుంది. కీ లేకపోతే బోర్డు బాగున్నా, డిస్క్ బాగున్నా, ప్రాజెక్టు మాత్రం దొరకదు. ఏ షాపువాడూ తెరవలేడు. ఫోన్లో అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే కీ కనిపించింది. అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోడానికి గంట పట్టింది, అది వేరే సంగతి. ఏఎండీ సిస్టంలో ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయమంటావా అని వై, ఎన్ రెండు ఆప్షన్లు ఇస్తే, కీ చేతిలో లేకుండా వై నొక్కొద్దు. ఎన్ నొక్కండి. ఇది చదువుతున్న మీ సిస్టం బాగానే ఉంటే ఇప్పుడే ఆ కీ కాగితం మీద రాసుకోండి, తర్వాత మిగతా వ్యాసం చదవండి.

బొమ్మ వచ్చి "బూట్ డివైస్ దొరకలేదు" అన్నా డిస్క్ పోయిందనుకోవద్దు. విండోస్ వేసినప్పుడు వీఎండీ లేదా రెయిడ్ మోడ్ ఉండి, క్లియర్ చేశాక ఏహెచ్‌సీఐకి మారితే ఇలాగే అవుతుంది. పాత మోడ్ పెడితే లేస్తుంది. ఈ స్థితిలో ఫార్మాట్ చేద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. గడియారం పాత తేదీకి పోయి ఉంటుంది, అది సరిచేయకపోతే బ్రౌజర్ ప్రతి సైటునీ అనుమానిస్తుంది.

అన్నీ డిఫాల్ట్‌లో పెట్టినా క్రాష్ అవుతుంటే మీ ఓవర్‌క్లాక్‌ని తిట్టుకోవడం ఆపండి. 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, ఎవరూ ఏమీ పెంచకపోయినా అధిక వోల్టేజీ వల్ల దెబ్బతిన్నాయని 2024లో బయటపడింది. కంపెనీ మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వాటి వారంటీని రెండేళ్లు పొడిగించింది. బిల్లు దాచుకున్నవాళ్లకి అది పనికొస్తుంది.

సిస్టం లేచాక రామ్‌ని మళ్లీ పెంచాలనిపిస్తే, ప్యాకెట్ మీద రాసిన ఎక్స్‌ఎంపీ వేగం దగ్గర ఆగి, ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఒప్పుకోకూడదు. సగం స్థిరంగా ఉన్న రామ్ అసలు లేవని రామ్ కన్నా ప్రమాదం. సిస్టం మామూలుగానే నడుస్తుంది, మీ ఫైళ్లలో మాత్రం అక్కడక్కడా ఒక బిట్ తారుమారు చేసి సేవ్ చేస్తుంది. ఎప్పుడు పాడైందో కూడా తెలియదు. ఇక ఎండల సంగతి. కూలర్ గదిని చల్లబరచదు, గది వేడి మీద ప్రాసెసర్ ఎంత ఎక్కువ ఉండాలో అంతే చూసుకుంటుంది. జనవరిలో 25 డిగ్రీల గదిలో 70 దగ్గర నిలిచిన ప్రాసెసర్, మే నెలలో డాబా కింద 40 డిగ్రీల గదిలో అదే పనికి 85 చేరుతుంది. ఊరికే బ్లేజ్‌వాడ అనలేదు మన ఊరిని. సంక్రాంతి సెలవుల్లో పాసైన సెట్టింగుని ఏప్రిల్ చివర్లో, మధ్యాహ్నం పూట, ఏసీ లేకుండా ఇంకోసారి టెస్టుకి కూర్చోబెట్టండి.