తలకోన వనభోజనానికి పోయేవారికి

(మా విలేకరి)

భాకరాపేట: కార్తీకమాసం వచ్చిందంటే మన పల్లెల్లో ఇంటింటా ఒకటే మాట. వనభోజనానికి ఎక్కడికి పోదామని. చెట్టు నీడ, పక్కన పారే నీళ్లు, పిల్లకాయలు ఈదులాడడానికి ఒక మడుగు వుంటే చాలు. మన వైపు ఈ మూడూ ఒక్కచోట దొరికేది తలకోనలో. శేషాచలం కొండలకు తల ఇదేనని పెద్దలు చెబుతారు. సిద్ధేశ్వరస్వామి గుడిలో టెంకాయ కొట్టి, అడవిలో నడిచి పోతే 270 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్లు కనిపిస్తాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక యెర్రావారిపాళెం మండలంతో పాటు తలకోన కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

దాని అందం గురించి మన పాఠకులకు చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ఇంకొకటి వున్నది. చిత్రాన్నానికి బియ్యం ఎన్ని పడులు పోయాలో ఇంట్లో కూర్చొని గంటసేపు మాట్లాడుకుంటాము. నీళ్ల దగ్గర పిల్లకాయలను ఎవరు చూడాలన్నది మాత్రం ఒక్క నిమిషమైనా మాట్లాడుకోము.

కిందటిసారి మా కుటుంబం పోయేటప్పుడు ఆ మాట ఎత్తింది మా అవ్వ. "అందరం చూస్తా వుంటామంటే ఎవరూ చూడనట్టే రా. ఒక్కొక్క బిడ్డిని ఒక్కొక్కరికి అప్పజెప్పండి" అని పట్టుబట్టింది. మేము నవ్వుకున్నాము. అయినా ఆమె నోటికి జడిసి పంచుకున్నాము. మా మేనల్లుడు ఆరేండ్లవాడు మా బావ వంతుకు వచ్చాడు.

గుడికి దిగువన వంక దగ్గర ఆడవాళ్లు గిన్నెలు కడుగుతున్నారు. నీళ్లు మోకాటి లోతు కూడా లేవు. పిల్లవాడు గరిటె తేలిపోతున్నదని అడుగు ముందుకు వేశాడు. రాయి మీద పాచి. కేక లేదు, చప్పుడు లేదు, మునిగి పక్కకు దొర్లిపోయాడు. పక్కనే పదిమందిమి వున్నాము, ఒక్కరమూ చూడలేదు. చూసింది మా బావ ఒక్కడే, అదీ వాడు తన వంతు కాబట్టి. రెండు అంగల్లో పోయి జుట్టు పట్టుకొని లేపాడు. మునిగిపోయేవాడు చేతులు కొట్టుకుంటూ అరుస్తాడని సినిమాల్లో చూసి నమ్మాము. నోట్లో నీళ్లు పోతుంటే అరుపు ఎక్కడ నుంచి వస్తుంది?

వంక నీళ్ల సంగతి బావి నీళ్ల సంగతి వంటిది కాదు. నడుముకు బెండు కట్టుకొని మన బావుల్లో ఈత నేర్చిన మొనగాళ్లు తలకోన మడుగులో దూకబోతారు. బావిలో నీళ్లు నిలిచి వుంటాయి, లోతు తెలిసి వుంటుంది. ఇక్కడ జలపాతం పడే చోట నీళ్లు కిందికి తొక్కుతాయి. అడుగున బండలు, బండల నడుమ సందులు. కాలు ఇరుక్కుంటే ఎంతటి ఈతగాడైనా చేసేది లేదు. తలకిందులుగా దూకితే మెడ విరుగుతుంది. తేటనీళ్లు కంటిని మోసం కూడా చేస్తాయి. నాలుగడుగుల లోతు మూడడుగులలాగా కనిపిస్తుంది. కాబట్టి కర్రతో లోతు చూసుకొని, నడుము దాటని చోట, పారుడు మెల్లగా వున్నచోట తానాలు చేయడం మేలు. అటవీశాఖ వారు వద్దని బోర్డు పెట్టినచోట, కంచె కట్టినచోట అసలే దిగరాదు. మందు తాగినవాడిని నీళ్ల వైపే పోనీయకూడదు. మందు సీసా ముందే ఇంటి దగ్గర పట్టుకోవాలి, అడవిలో పట్టుకుంటే తగవే మిగులుతుంది.

కార్తీకంలో ఇంకొక చిక్కు వున్నది. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలవి. అంటే వనభోజనాల కాలమూ, వంకలు పొంగే కాలమూ ఒక్కటే. 2021 నవంబరు 19 కార్తీక పౌర్ణమి నాడే చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిన సంగతి ఎవరూ మరచి వుండరు. అంతటి ముప్పు ఏటా రాకపోవచ్చు. కానీ కొండ మీద వాన కురిస్తే, కింద ఎండ కాస్తున్నా వంక పెరుగుతుంది. తేట నీళ్లు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, నీటి హోరు మారినా గిన్నెలను చూసుకోకుండా గట్టెక్కాలి. విస్తళ్లు వంక నడుమ బండల మీద వేసుకోవద్దు. దారి ఏ గట్టున వుంటే ఆ గట్టునే కూర్చోవాలి. అవతలి గట్టు నీడ ఎంత చల్లగా వున్నా సరే. వాయుగుండం వార్త రేడియోలోనో ఫోనులోనో విన్నప్పుడు ప్రయాణం ఇంకొక ఆదివారానికి మార్చుకుంటే పోయేదేమీ లేదు.

సామానులో రెండు వస్తువులు చేర్చుకోండి. ఒకటి బావి చేదతాడు. రెండవది మూత బిగించిన ఖాళీ నూనె క్యాను. తాడు కొసకు క్యాను కట్టి విసిరితే మునిగేవాడు పట్టుకొని తేలుతాడు. తాడు లేకపోతే వెదురు కర్ర, అదీ లేకపోతే ముడివేసిన రెండు చీరలు. ఒకడు మునుగుతుంటే వాడి కోసం ఇంకొకడు దూకి, వాడి కోసం అన్న దూకి, ఒక్క ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడం ఎన్ని వార్తల్లో చదవలేదు!

బయటికి తీసిన మనిషిని గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన పల్లెల్లో ఇంకా వున్నది. అది మానాలి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో అయిదుసార్లు ఊపిరి ఊదాలి. అప్పటికీ కదలకపోతే రొమ్ము నడుమ 30 సార్లు గట్టిగా, వడిగా అదిమి, రెండుసార్లు ఊదాలి. ఊపిరి వచ్చేవరకో, వైద్యులు అందేవరకో ఇట్లా ఆపకుండా చేయాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. అడవిలో సిగ్నలు అందదేమో, ఎక్కడ అందుతుందో పోయేటప్పుడే చూసుకోండి.

ఇక ప్రయాణం. తిరుపతి వైపు నుంచి వచ్చేవారు భాకరాపేట కనుమ దాటాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతున్న బస్సు రాత్రిపూట లోయలో పడింది ఆ కనుమలోనే. ట్రాక్టరు ట్రాలీలో జనాన్ని ఎక్కించుకొని పోవద్దు. జీపో, బస్సో మాట్లాడుకోండి, తెల్లవారుజామున బయలుదేరండి.

తిండికి చిత్రాన్నం, పెరుగన్నం, అలసందల వడలు, నిప్పట్లు, బొరుగులు మంచివి. కోతులు ఎక్కువ కాబట్టి మూత గట్టిగా వుండే పాత్రలు కావాలి. ఇది 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయవనం అడవి, పొయ్యి రాజేసే ముందు అడగవలసినది అటవీశాఖ వారిని. ప్లాస్టిక్ సంచులు వెనక్కి తెచ్చుకోవాలి. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి రెండు దుప్పట్లు, ఒక తాడు తీసుకొని పోతే ఎవరినీ అడుక్కోనక్కరలేదు.

పొద్దు వాలక ముందే అడవి దాటాలి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రి ముందు ఓబులవారిపల్లె మండలం గుండాలకోన దగ్గర అడవిదారిన నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు చనిపోయారు. అదీ శేషాచలం అడవే.

బండి ఎక్కేముందు తలలు లెక్కపెట్టండి. మా అవ్వకు వేళ్ల లెక్క మీద నమ్మకం లేదు. ఇంటి దగ్గరే మనిషికొకటి చొప్పున బొరుగుముద్దలు కట్టి తెచ్చింది. జీపు దగ్గర నిలబడి చేతికొకటి ఇచ్చింది. చివరికి ఒక ముద్ద మిగిలింది. అందరి గుండెలూ జారిపోయాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, పేర్లు పెట్టి పిలుస్తూ వుంటే, ముందు సీటులో ముసుగు తన్ని పడుకున్న డ్రైవరు లేచి ఏమైందని అడిగాడు.