విపత్తు సహాయ నిధులు - రాజకీయ ద్వంద్వ ప్రమాణాలు: శాండీ, హార్వీ తుఫానుల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:

శాండీ (2012), హార్వీ (2017) తుఫానుల అనంతరం అమెరికా కాంగ్రెస్ అదనపు సహాయ నిధులు మంజూరు చేసిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. సూత్రబద్ధమైన అభ్యంతరానికీ, ద్వంద్వ ప్రమాణానికీ గల భేదాన్ని నిర్ధారించే కొలమానాన్ని చర్చించి, భారతదేశ విధానంతో క్లుప్తంగా పోల్చి చూపుతుంది.

కీలకపదాలు: విపత్తు సహాయం, సమాఖ్య విధానం, ద్వంద్వ ప్రమాణాలు, శాండీ, హార్వీ, జాతీయ విపత్తు ప్రతిస్పందన నిధి.

1. ఉపోద్ఘాతం

అమెరికాలో 1988 నాటి స్టాఫర్డ్ చట్టం ప్రకారం అధ్యక్షుడు విపత్తును ప్రకటించిన తరువాత సమాఖ్య అత్యవసర నిర్వహణ సంస్థ (ఫెమా) తన సహాయ నిధి నుండి ఖర్చు చేస్తుంది. ఆ నిధి చాలనప్పుడు కాంగ్రెస్ అదనపు కేటాయింపు బిల్లును ఆమోదించాలి. ఆ బిల్లుపై నమోదిత ఓటింగ్ జరిగినప్పుడు ప్రతి సభ్యుని ఓటూ నమోదవుతుంది. అందువల్ల ఒకే ప్రతినిధి పరాయి రాష్ట్రపు కష్టానికీ, సొంత రాష్ట్రపు కష్టానికీ ఎలా స్పందించాడో ఆధారసహితంగా పోల్చడానికి వీలు కలుగుతుంది.

2. శాండీ: 92 రోజుల నిరీక్షణ

శాండీ తుఫాను 2012 అక్టోబరు 29న న్యూజెర్సీ తీరాన్ని తాకింది. ప్రతినిధుల సభ సహాయ బిల్లుపై ఓటింగ్ జరపకుండానే 2013 జనవరి 1 రాత్రి వాయిదా పడింది. న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ మరునాడే తన సొంత పార్టీకి చెందిన స్పీకర్ జాన్ బేనర్‌ను బహిరంగంగా విమర్శించాడు. జనవరి 15న సుమారు 5,050 కోట్ల డాలర్ల బిల్లు సభలో 241-180 ఓట్లతో నెగ్గింది. సెనేట్‌లో 62-36తో ఆమోదం పొంది, జనవరి 29న చట్టమైంది. 2005లో కత్రినా తుఫాను తరువాత తొలి 1,050 కోట్ల డాలర్లు ఐదు రోజులలోపే మంజూరైన సంగతి ఇక్కడ గమనార్హం. ఫెమా వద్ద అప్పటికే ఉన్న నిధుల వల్ల శాండీ తక్షణ సహాయం పూర్తిగా నిలిచిపోలేదు. జాప్యం ప్రధానంగా ఇళ్లు, రవాణా వ్యవస్థల పునర్నిర్మాణంపై ప్రభావం చూపింది.

వ్యతిరేకించిన వారు రెండు కారణాలు చెప్పారు. మొదటిది, సహాయానికి సమానంగా ఇతర వ్యయాల్లో కోత విధించాలన్నది. దక్షిణ కరోలినా ప్రతినిధి మిక్ మల్వేనీ 1,700 కోట్ల డాలర్ల మేరకు ఇటువంటి సవరణ ప్రతిపాదించగా అది 162-258తో వీగిపోయింది. రెండవది, బిల్లులో తుఫానుతో సంబంధం లేని ఖర్చులు ఉన్నాయన్నది. టెక్సాస్ సెనేటర్లు జాన్ కార్నిన్, టెడ్ క్రూజ్ ఇద్దరూ వ్యతిరేకంగా ఓటు వేశారు.

3. హార్వీ: 14 రోజుల్లో చట్టం

హార్వీ తుఫాను 2017 ఆగస్టు 25న టెక్సాస్ తీరాన్ని తాకింది. సెప్టెంబరు 8 నాటికి 1,525 కోట్ల డాలర్ల సహాయం చట్టమైంది. కార్నిన్, క్రూజ్ ఇద్దరూ దీనిని సమర్థించారు. అప్పటికి శ్వేతసౌధ బడ్జెట్ కార్యాలయ అధిపతిగా ఉన్న మల్వేనీ, సమాన కోతల షరతు లేకుండానే 785 కోట్ల డాలర్ల తొలి అభ్యర్థనను కాంగ్రెస్‌కు పంపాడు.

శాండీ బిల్లులో మూడింట రెండు వంతులకు తుఫానుతో సంబంధం లేదని క్రూజ్ సమర్థించుకున్నాడు. ఇతర విపత్తులకూ వర్తించే అంశాలు అందులో ఉన్న మాట వాస్తవమే. అయితే అధిక భాగం శాండీ నష్టానికి ఉద్దేశించినదే. పునర్నిర్మాణ వ్యయం కొన్నేళ్లపాటు సాగుతుంది. ఖర్చు ఆలస్యంగా జరగడం వేరు, అసలు సంబంధం లేకపోవడం వేరు. పైగా 2018 ఫిబ్రవరిలో హార్వీ, ఇర్మా, మరియా తదితర విపత్తులకు సుమారు 8,900 కోట్ల డాలర్లు కేటాయించిన చట్టంలోనూ దీర్ఘకాలిక వరద నియంత్రణ పనులున్నాయి. కార్నిన్ దానికి మద్దతిచ్చాడు.

4. కొలమానం

ఓటు మారినంత మాత్రాన ద్వంద్వ ప్రమాణం అనలేము. బిల్లులు వేరు కావచ్చు, పరిస్థితులూ వేరు కావచ్చు. నాడు చెప్పిన నియమాన్ని సొంత రాష్ట్రానికి వర్తింపజేశారా అన్నదే అసలు ప్రశ్న. ఈ కొలమానం అందరినీ ఒకే గాటన కట్టదు. 2017లో నలుగురు టెక్సాస్ రిపబ్లికన్ ప్రతినిధులు, రుణపరిమితి పెంపుతో ముడిపెట్టిన హార్వీ బిల్లును తమ రాష్ట్రానికి మేలు చేసేదైనా తిరస్కరించారు. వారితో విభేదించవచ్చు గాని, ద్వంద్వ ప్రమాణాన్ని ఆ ఓటుకు ఆపాదించలేము. హ్యూస్టన్ ప్రతినిధి జాన్ కల్బర్‌సన్ టెక్సాస్ రిపబ్లికన్ ప్రతినిధులలో శాండీ సహాయాన్ని సమర్థించిన ఏకైక వ్యక్తి. ఐదేళ్లు తిరగకముందే ఆయన నగరమే మునిగింది.

5. కారణాలు

ఈ ధోరణిని వ్యక్తుల నైతికతకే పరిమితం చేయడం అసమగ్రం. ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఓటర్లు సహాయ వ్యయానికి ప్రతిఫలమిస్తారు, ముందస్తు సన్నద్ధతకు ఇవ్వరు. సన్నద్ధతపై వెచ్చించిన ఒక డాలరు భవిష్యత్తులో సుమారు 15 డాలర్ల నష్టాన్ని తగ్గిస్తుందని వారి అంచనా. సొంత నియోజకవర్గానికి నిధులు తేవడం వల్ల ఓట్లు వస్తాయి. దూర రాష్ట్రానికి నిరాకరించడం వల్ల పొదుపరి అన్న పేరు వస్తుంది. ఈ రెండు ప్రోత్సాహకాలూ ఒకే వ్యక్తిలో ఇమడగలవు.

6. భారతదేశంతో పోలిక

భారతదేశంలో రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి పరిమాణాన్ని ఆర్థిక సంఘం సిఫారసు చేస్తుంది. సాధారణ రాష్ట్రాలకు కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం భరిస్తాయి. అది చాలనప్పుడు కేంద్ర బృందం పర్యటన, ఉన్నత స్థాయి కమిటీ నిర్ణయం అనంతరం జాతీయ నిధి నుండి సహాయం అందుతుంది. ఒక్కొక్క విపత్తుపై పార్లమెంటులో విడిగా ఓటింగ్ జరగదు. కాబట్టి వివక్ష ఉన్నదీ లేనిదీ ఓట్ల పట్టికలో కనిపించదు. రాష్ట్రం కోరినదానికీ, కమిటీ ఆమోదించినదానికీ, విడుదలైనదానికీ మధ్యగల అంతరాల్లో వెదకవలసి ఉంటుంది. 2014లో హుద్‌హుద్ విశాఖను దెబ్బతీసిన రెండు రోజులకే ప్రధాని 1,000 కోట్ల రూపాయల తాత్కాలిక సహాయం ప్రకటించారు. 2024లో కరవు సహాయంలో జాప్యంపై కర్ణాటక సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఈ రెండు ఉదాహరణలతోనే పక్షపాతం రుజువు కాదు. తుఫాను నష్టం, కరవు నష్టం అంచనా వేసే పద్ధతులే భిన్నమైనవి. ఒకే తరహా విపత్తులను, ఒకే నిబంధనల కాలంలో పోల్చినప్పుడే నిర్ధారణ సాధ్యం.

ముగింపు

బహిరంగ ఓటు ద్వంద్వ ప్రమాణాన్ని నివారించలేదని అమెరికా అనుభవం చూపుతుంది. కాని దానిని దాచడానికి వీలు లేకుండా చేసింది. భారత విధానంలో సూత్రం ఆధారంగా నిధి ముందే ఏర్పడి ఉండడం మేలైన అంశం. కమిటీ అంచనాలు, కోతలకు కారణాలు సకాలంలో ప్రకటితమైతే, సహాయం కోరే రాష్ట్రం ఏ పార్టీ పాలనలో ఉన్నా అదే కొలమానం వర్తించిందో లేదో పరిశోధకులు, పౌరులు పరీక్షించగలుగుతారు.