మీకు తెలుసా? బ్రేకు లేని బండికి కెప్టెన్

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో సౌత్‌సీ అనే ఊరుంది. దానికి ఎదురుగా, సోలెంట్ అనే సముద్రపు పాయకు అవతల, వైట్ దీవిలో రైడ్ పట్టణం ఉంది. 1965 నుంచి ఈ రెండు ఒడ్ల మధ్య హోవర్‌క్రాఫ్ట్ తిరుగుతోంది. ఇప్పటి బండ్లలో 80 మంది దాకా ఎక్కుతారు. సర్దుకుని కూర్చుని, కిటికీ అద్దం మీద పడే తుంపర చూస్తుండగానే పది నిమిషాల్లో అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. ఆ పది నిమిషాలూ బండిని నడిపే కెప్టెన్ దగ్గర బ్రేకు ఉండదని మీకు తెలుసా?

హోవర్‌క్రాఫ్ట్ నేలనూ పట్టుకోదు, నీటినీ పట్టుకోదు. పెద్ద ఫ్యాన్లు కిందికి గాలి కొడతాయి. చుట్టూ వేలాడే రబ్బరు స్కర్ట్ ఆ గాలిని చప్పున బయటికి పోనివ్వదు. అలా నిలిచిన గాలిపరుపు మీద బండి మొత్తం తేలుతుంది. వెనక ఉన్న ప్రొపెల్లర్లు ముందుకు తోస్తాయి. వాటి గాలి తగిలేలా నిలబెట్టిన చుక్కాని పలకలు దారి మళ్లిస్తాయి. గోదావరి మీద లాంచీ నడిపే సరంగుకు చుక్కాని నీళ్లలో ఉంటుంది, లాంచీ అడుగూ నీళ్లలో దిగి ఉంటుంది. తిప్పగానే నీరే సాయం పడుతుంది. హోవర్‌క్రాఫ్ట్ కెప్టెన్‌కు ఆ ఆసరా లేదు. ముక్కు తిప్పినా బండి కొంతసేపు పాత దారినే, పక్కకు జారుతూ పోతుంది. అందుకే మలుపు రాకముందే మలుపు మొదలుపెట్టాలి. పక్కగాలి వీస్తుంటే ముక్కును గాలివైపు కాస్త తిప్పి ఉంచి, ఏటవాలుగా నడిపిస్తేనే అనుకున్న చోటికి చేరుతుంది. ఇదంతా 45 నాట్ల వేగంలో, అంటే గంటకు 80 కిలోమీటర్లు దాటి పోతున్నప్పుడు.

మరి ఆపడం ఎలా? ముందుకు తోసే బలం తగ్గించాలి. ప్రొపెల్లర్ రెక్కల కోణం మార్చే వీలుంటే వెనక్కి తోయించాలి. అదీ చాలకపోతే గాలిపరుపు తగ్గించి బండిని నీళ్లలోకి దించాలి. అప్పుడు నీటి రాపిడికి అది ఆగుతుంది. లోపల జనం ఉన్నారు కాబట్టి ఈ పని ఎంత నెమ్మదిగా చేయాలన్నది చేతికి అలవాటైన లెక్క.

బరువు లెక్క కూడా కెప్టెన్‌దే

క్రిస్టఫర్ కాకరెల్ అనే బ్రిటిష్ ఇంజినీరు 1950లలో ఖాళీ డబ్బాలు, గాలి ఊదే మోటారు, వంటింటి త్రాసు పెట్టుకుని ప్రయోగాలు చేసి ఈ వాహనానికి రూపం ఇచ్చాడు. ఆయన ఆలోచనతో తయారైన ఎస్‌ఆర్‌ఎన్1 1959 జులై 25న ఫ్రాన్స్‌లోని కలే నుంచి డోవర్‌కు ఇంగ్లిష్ చానల్ దాటింది. సుమారు రెండు గంటలు పట్టింది. నడిపింది పీటర్ ల్యాంబ్. కాకరెల్ కూడా దాని మీదే ఉన్నాడు, అయితే చూడ్డానికి కాదు. ముక్కు పైకి లేవకుండా తన ఒంటి బరువుతో సమతూకం నిలపడం ఆయన పని!

ఆ సమతూకం పని ఈనాటికీ పోలేదు. ఎంతమంది ఎక్కారు, సామాను ఎక్కడుంది, ఇంధనం ఏ ట్యాంకులో ఎంత ఉంది అన్నది కెప్టెన్ బయల్దేరకముందే చూసుకోవాలి. ముక్కు బరువైతే వేగంలో ముందరి స్కర్ట్ నీటిని తాకుతుంది. తాకిన స్కర్ట్‌ను నీరు వెనక్కి లాగి అడుగుకి మడుస్తుంది. దాంతో ముక్కు ఇంకా దిగుతుంది, బండి ఒక్కసారిగా నీళ్లలో పొడుచుకుంటుంది. ముందుసీటు పట్టుకోనివాళ్లు ఎగిరి పడతారు. విషమిస్తే బండి తలకిందులు కావచ్చు. ఆ క్షణాన భయపడి అన్నిటినీ ఒకేసారి తగ్గిస్తే గాలిపరుపూ పోతుంది, పరిస్థితి మరింత చెడుతుంది. ముందుకు తోసే బలం తగ్గించాలి, లేపే గాలిని మాత్రం వదలకూడదు. చదవడానికి ఒక్క వాక్యమే, కానీ చేతులు దాన్ని ఆలోచించకుండా చేయాలంటే ఎంత సాధన కావాలో ఊహించండి.

బయల్దేరేటప్పుడూ ఒక గండం ఉంది. నెమ్మదిగా పోతున్నప్పుడు కింది గాలి ఒత్తిడికి నీరు గుంట పడి, ముందు అల లేస్తుంది. తన వల్లే లేచిన ఆ అలను ఎక్కి దాటితేనే బండి తేలిగ్గా పరుగందుకుంటుంది. బరువెక్కువైనా, ఎదురుగాలి బలంగా ఉన్నా ఆ అల దాటడం కష్టం.

ఇంత భారం మోసే రబ్బరు స్కర్ట్ కింది అంచున వరసగా వేళ్లలాంటి ముక్కలు ఉంటాయి. ఒకటి చిరిగితే పక్కవి ఉబ్బి ఆ సందును చాలావరకు మూసేస్తాయి. అరిగిన ముక్కను విడిగా మార్చుకోవచ్చు.

పసుపు దీపం ఎందుకు?

రాత్రిపూట ఓడల వాళ్లు ఎదుటి ఓడ ఎరుపు, ఆకుపచ్చ దీపాలు చూసి అది ఎటు పోతోందో చెప్పేస్తారు. హోవర్‌క్రాఫ్ట్ విషయంలో ఆ లెక్క తప్పుతుంది. దాని ముక్కు ఒకవైపు ఉంటే ప్రయాణం మరోవైపు సాగుతుండవచ్చు. అందుకే గాలిపరుపు మీద తేలుతూ పోతున్నప్పుడు అన్ని వైపులకూ కనిపించేలా మెరిసే పసుపు దీపం అదనంగా వెలగాలని అంతర్జాతీయ సముద్ర నియమాలు చెబుతున్నాయి. నిమిషానికి 120 సార్లు, లేదా అంతకన్నా ఎక్కువ మెరవాలి. సోలెంట్‌లో యుద్ధనౌకలు, కంటైనర్ ఓడలు, తెరచాప పడవలు అన్నీ తిరుగుతాయి. అందరికన్నా వేగంగా పోయేది హోవర్‌క్రాఫ్టే కాబట్టి అందరికన్నా ముందుగా చూడాల్సిందీ దాని కెప్టెనే.

రైడ్ ఒడ్డున ఆటుకు నీరు చాలా దూరం వెనక్కి పోయి ఇసుక బయటపడుతుంది. లోతైన నీటిని అందుకోవడానికి 1814లో తెరిచిన అక్కడి పియర్ (ఒడ్డు నుంచి నీళ్లలోకి సాగే వంతెన లాంటి కట్టడం) ఇప్పుడు 680 మీటర్ల పొడవు ఉంది. హోవర్‌క్రాఫ్ట్‌కు ఆ పియరే అక్కర్లేదు. నీటి మీంచి ఇసుక మీదికి, ఇసుక మీంచి ఊరి అంచుకు నేరుగా వచ్చేస్తుంది. మన కోస్ట్ గార్డ్ మండపం, హల్దియా లాంటి చోట్ల గస్తీకి హోవర్‌క్రాఫ్ట్‌లు వాడేది కూడా వాటికి లోతుతో పని లేకపోవడం వల్లే. అయితే రైడ్ ఇసుక మీద పిల్లలు ఆడుకుంటారు, కుక్కలను తిప్పేవాళ్లు ఉంటారు. ఓడ కెప్టెన్‌కు ఎన్నడూ రాని దిగులు ఇది.

వద్దు అనగలగడం

1968లో డోవర్ నుంచి ఫ్రాన్స్‌కు ఎస్‌ఆర్‌ఎన్4 అనే భారీ హోవర్‌క్రాఫ్ట్‌లు మొదలయ్యాయి. తర్వాత పొడవు పెంచిన వాటిలో 400 మందికి పైగా ప్రయాణికులు, దాదాపు 60 కార్లు పట్టేవి. కాక్‌పిట్‌లో ముగ్గురు కూర్చునేవారు. కెప్టెన్ నడిపేవాడు, ఒకరు ఇంజిన్లు చూసేవారు, మరొకరు రాడార్ మీద కన్నేసి దారిలోని ఓడలను చెప్పేవారు. 1995 సెప్టెంబర్ 14న ప్రిన్సెస్ యాన్ అనే బండి 22 నిమిషాల్లో చానల్ దాటింది. ఆ రికార్డు గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం దానికన్నా ముఖ్యమైన తేదీలు రెండు కనిపిస్తాయి.

1972 మార్చి 4న సౌత్‌సీ దగ్గర ఎస్‌ఆర్‌ఎన్6 రకం ప్రయాణికుల హోవర్‌క్రాఫ్ట్ చెడ్డ వాతావరణంలో తిరగబడి ఐదుగురు మరణించారు. 1985 మార్చి 30న ప్రిన్సెస్ మార్గరెట్ అనే ఎస్‌ఆర్‌ఎన్4 బండి డోవర్ రేవు ముఖద్వారం దగ్గర గాలికి కొట్టుకుపోయి రాతి అడ్డుగోడకు గుద్దుకుంది. నలుగురు చనిపోయారు. నడిసముద్రంలో కాదు, రెండూ ఒడ్డుకు దగ్గర్లోనే జరిగాయి. వేగం తగ్గే కొద్దీ బండి మీద గాలి పెత్తనం పెరుగుతుంది. చుట్టూ చోటు ఉండదు. జారడానికి స్థలమే లేని చోట జారే స్వభావం ఉన్న బండిని నడపాలి.

అందుకే ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద బాధ్యత బయల్దేరకముందు తీసుకునే నిర్ణయం అంటాను. ప్రతి బండికీ ఎంత ఎత్తు అల దాకా, ఎంత గాలి దాకా పోవచ్చో హద్దులు రాసి ఉంటాయి. క్యూలో జనం నిలబడి ఉంటారు, ఆఫీసుకు వేళవుతుంటుంది, ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్లు ఉంటాయి. అయినా హద్దు దాటితే ఈ ట్రిప్పు లేదని చెప్పాలి. ప్రయాణికుల చేత తిట్లు తినే ఈ పనికి నా దృష్టిలో 22 నిమిషాల రికార్డుకన్నా ఎక్కువ గౌరవం దక్కాలి.

చట్టానికి కూడా ఈ బండి ఒక చిక్కుప్రశ్నే. ఓడా, విమానమా, మోటారు వాహనమా? బ్రిటన్ 1968లో ప్రత్యేకంగా హోవర్‌క్రాఫ్ట్ చట్టమే చేసి, ఆ మూడింటి నిబంధనల్లో ఏది కావాలంటే అది దీనికి వర్తింపజేసే వీలు పెట్టుకుంది.

కెప్టెన్‌కు ఓడ నడిపే సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే సరిపోదు. అంతర్జాతీయ హైస్పీడ్ క్రాఫ్ట్ నియమావళి ప్రకారం ఏ రకం బండి, ఏ దారి అన్నది చూసి టైప్ రేటింగ్ ఇస్తారు. ప్రతి రెండేళ్లకూ దాన్ని పునరుద్ధరించుకోవాలి. జపాన్‌లోని ఓయితా అనుభవం చూస్తే ఇదెంత అవసరమో తెలుస్తుంది. అక్కడ నగరం నుంచి విమానాశ్రయానికి బెప్పు అఖాతం మీదుగా నడిచిన హోవర్‌క్రాఫ్ట్ సర్వీసు 2009లో ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడదామని కొత్త బండ్లు కొన్నారు. శిక్షణలోనే ప్రమాదాలు జరిగాయి, ప్రారంభం వాయిదా పడుతూ వచ్చింది. విమానాశ్రయం దగ్గర నేల మీద ఎస్ ఆకారంలో వంకర తిరిగిన దారి ఉంది. బండి అక్కడ పక్కకు జారుతూనే మలుపులు తిరగాలి. కెప్టెన్లకు చేయి తిరిగేదాకా ఆగడమే మంచిదైంది. విమానాశ్రయం సర్వీసు 2025 జులైలో మొదలైంది.